చేతిపని వెల

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసిమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించీ యుద్ధాల గురించీ రాయగల పండితులు మన సభ్యుల్లోనే ఉన్నారు కనుక, నేను బట్ట గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "బట్టకు చరిత్రేమిటండీ?" అన్నారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

కూడు, గుడ్డ, గూడు అని మనవాళ్లు మూడింటినీ కలిపి అంటారు. మన చిన్నప్పటి దాకా ఈ మూడింటిలో గుడ్డ కూడా మనుషుల చేతుల మీదుగానే వచ్చేది. ఒక పంచె తయారు కావడానికి ఎందరు కావాలో ఒకసారి లెక్క వేసుకోండి. పత్తి పండించిన రైతు, గింజ తీసినవారు, దూది ఏకిన దూదేకులవారు, రాట్నం మీద నూలు వడికిన ఆడవాళ్లు, రంగు వేసినవారు, వీధి పొడవునా పడుగు సాచి గంజి పెట్టిన ఇంటిల్లిపాది, మగ్గం చేసిచ్చిన వడ్రంగి, చివరికి గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన మనిషి. పద్మశాలీలు, దేవాంగులు, పట్టుశాలీలు, కర్ణభక్తులు, తొగటలు వంటి నేత కులాలవారే కాదు, ముతక బట్ట నేసిన మాల కుటుంబాలు కూడా మన పల్లెల్లో చాలా ఉండేవి. పెళ్లిలో మధుపర్కాలు పసుపు రాసి కట్టుకునేటప్పుడు ఆ బట్ట ఏ ఇంటి మగ్గం మీద దిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. నేసినవాడికీ తెలుసు, అది ఎవరి పెళ్లికి వెళుతోందో. ధర విషయంలో బేరాలు, తగాదాలు, అప్పులు అన్నీ ఉండేవి, అదేదో స్వర్ణయుగమని నేను చెప్పబోవడం లేదు. ఆ కులాల మధ్య అంతరాలూ అవమానాలూ కూడా అదే బట్టలో పడుగు పేకల్లా ఉండేవి. అయితే వస్తువుకూ మనిషికీ మధ్య ముఖపరిచయం ఒకటి ఉండేది, అంతవరకు నిజం.

ఇక అసలు కథ మచిలీపట్నం నుంచి మొదలుపెడతాను. గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో అది ఈ తీరంలో పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ దిగారు. వారు వచ్చింది మిరియాల కోసం. మిరియాలు దొరికేది మాత్రం ఆగ్నేయాసియా దీవుల్లో. ఆ దీవులవారికి ఇంగ్లండు ఉన్ని బట్ట అక్కర్లేదు, వెండి ఇచ్చి కొందామంటే కంపెనీవారికి ప్రాణం ఒప్పదు. వాళ్లు మక్కువగా తీసుకునేది మన కోస్తా తీరపు అద్దకపు బట్ట. కనుక ఇక్కడ బట్ట కొని, అక్కడ ఇచ్చి, మిరియాలూ లవంగాలూ పుచ్చుకుని ఐరోపా వెళ్లాలి. పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్న సుగంధద్రవ్యాల వర్తకం వెనక, మన కృష్ణా గోదావరి మండలాల నేతగాళ్ల, అద్దకంవాళ్ల చేతిపని పెట్టుబడిగా ఉన్నదన్నమాట. ఈ మాట పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఆ బట్టకు అంత గిరాకీ ఎందుకు? ఉతికినా రంగు పోదు. ఆనాటి ఐరోపావారికి నూలు బట్ట మీద ఎర్రరంగు నిలపడం చేతకాదు. మనవారికి ఆ కిటుకు తెలుసు. ఆ పద్ధతి ఇప్పటికీ పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ పాత తీరున చేసేవారి దగ్గర చూడవచ్చు. ముందు బట్టను బాగా ఉతికి కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల తరవాత పెట్టే రంగు అటూ ఇటూ పాకదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి కొన్నాళ్లు పులియబెడితే కసిం తయారవుతుంది. చూడటానికి అది నీళ్లలాగే ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే నల్లగా మారుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. ఆ బట్టను చాయ వేరు వేసి కాచితే పటిక ఉన్నచోట ఎరుపు పట్టేస్తుంది, లేనిచోట ఉతుకులో పోతుంది. నీలానికి నీలిమందు వాడతారు, నీలం వద్దనుకున్న భాగమంతా మైనంతో కప్పుతారు. ఇన్ని దశల మధ్య ప్రతిసారీ పారే నీటిలో జాడించాలి, ఎండలో ఆరబెట్టాలి. నీరు మారితే రంగు మారుతుంది. మచిలీపట్నం వైపు చెక్కదిమ్మెలతో అద్దుతారు, శ్రీకాళహస్తి వైపు వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలంలా పట్టుకుని చేత్తో గీస్తారు. పారసీకంలో 'కలం', 'కారీ' కలిసి కలంకారీ అయింది. శ్రీకాళహస్తిలో పెద్దలు దాన్ని వ్రాతపని అనేవారు. నాకు ఆ తెలుగు మాటే ఎక్కువ ఇష్టం. మనమూ జీవితమంతా వ్రాతపని చేసినవాళ్లమే కదా, కాకపోతే మన రాతలు ఒక్క ఉతుక్కి కూడా ఆగవు!

ఈ బట్ట ఇంగ్లండులో ఇల్లిల్లూ ఎక్కేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు బట్టల మీద నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. ఇండియా అద్దకపు బట్ట ఒంటి మీద కనిపిస్తే జుల్మానా. అక్కడి నేతగాళ్లు, అటువంటి దుస్తులు వేసుకుని బజారులో నడిచే స్త్రీల మీద పడి బట్టలు చింపిన సంఘటనలూ జరిగాయి. మన పిల్లలకు స్వదేశీ ఉద్యమమంటే 1905లో మనం విదేశీ బట్ట కాల్చడమని తెలుసు. దానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు మన బట్టను వాళ్లు బహిష్కరించారని తెలియదు. రాజ్యం తన చేతిపనివాళ్లను కాపాడుకోదలిస్తే ఎంతదూరం వెళ్తుందో ఈ చట్టాలు చూస్తే అర్థమవుతుంది.

నిషేధంతో వాళ్లు ఊరుకోలేదు, పని నేర్చుకున్నారు కూడా. కూర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ 1742లో మన తీరపు అద్దకంవారి పద్ధతిని అడిగి తెలుసుకుని దశలవారీగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఈయనే తెలుగు నేర్చి నిఘంటువు కూడా కూర్చినవాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని తొలినాళ్లలోనే పసిగట్టినవాడు. అటువంటి పండితుడు కరక్కాయ ఎంత, గేదెపాలు ఎంత అని పనివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నాడంటే ఆ పని విలువ ఎంతో ఊహించుకోండి. పనివాళ్ల పేర్లు మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు.

ఇంకో చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. పశ్చిమ గోదావరి నరసాపురం దగ్గర మాధవాయపాలెం ఉంది. ఇంగ్లీషువారు అక్కడ బట్టల గిడ్డంగి పెట్టుకుని దాని పేరును 'మడపొల్లం' అని పలికారు. ఆ ఊరి నుంచి వెళ్లే తెల్ల నూలు బట్టకు ఐరోపాలో 'మడపోలం' అన్నదే పేరైంది. కొన్నాళ్లకు అదే పేరుతో అక్కడి మిల్లులు బట్ట నేసి మన బజార్లకు పంపాయి. ఊరి పేరు మనది, బట్ట వాళ్లది, డబ్బు కూడా వాళ్లదే. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నది. అప్పటికే చిక్కిపోతున్న ఆ రేవు మరి కోలుకోలేదు.

మిల్లు బట్ట వచ్చి చేనేతను చంపేసిందని మనం సులువుగా అనేస్తాం. జరిగింది అంత సూటిగా లేదు. ముందు చచ్చిపోయింది నేత కాదు, వడకడం. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు చౌకగా వచ్చిపడింది. నేతగాడికి అది ఒక రకంగా కలిసివచ్చింది. తెగని నూలు, సమానమైన నూలు, కావలసినంత నూలు. అందుకే మగ్గాలు నిలిచాయి. రాట్నాలు మాత్రం అటక ఎక్కాయి. ఆ రాట్నాల దగ్గర కూర్చున్నది ఎవరు? అన్ని కులాల ఆడవాళ్లూ. ముఖ్యంగా భర్త పోయినవాళ్లు, గడప దాటి కూలికి వెళ్లలేనివాళ్లు. నలుగురి ముందూ చెయ్యి చాపకుండా నాలుగు కాసులు సంపాదించుకునే దారి వాళ్లకు అదొక్కటే. ఆ దారి మూసుకుపోయినప్పుడు ఏ ఊళ్లోనూ గోల పుట్టలేదు, ఏ కచేరీలోనూ అర్జీ పడలేదు. ఎందుకంటే అది ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు. గాంధీగారు రాట్నాన్ని మళ్లీ దించమన్నప్పుడు చదువుకున్నవారు చాలామంది నవ్వారు. ఆయన లెక్క బట్ట లెక్క కాదు, ఈ ఆడవాళ్ల లెక్క అని నా అభిప్రాయం.

అటకెక్కని రాట్నాలు కొన్నిచోట్ల మిగిలాయి. వాటిలో మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఒకటి. అక్కడి సన్నఖాదీ సంగతి విని గాంధీగారు తన కుమారుడు దేవదాసు గాంధీని చూసి రమ్మని పంపించారు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్ల వరస దూదిలోని నలుసులను తీసి పోచలను సరిచేస్తుంది. తరవాత చెక్క మీద ఇనుప కడ్డీతో గింజ తీస్తారు, వింటితో ఏకుతారు, ఏకులను అరటిదొప్పలో పెట్టుకుని 24 ఆకుల చక్రం ఉన్న రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు దాటిన సన్న నూలు అలా వస్తుంది. యంత్రం ఎన్ని చేసినా చేప పళ్లకు బదులు చూపించలేకపోయింది. అయితే, పొందూరు పంచె కట్టుకున్న రాజకీయ నాయకుల ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఆ నూలు వడికిన ముసలమ్మ ఫోటో ఏ పత్రికలోనైనా వస్తే, దాని కింద ఆమెకు రోజుకు ఎంత గిట్టుతుందో కూడా వేయాలని నా కోరిక.

చేతిపని అంటే మార్పు ఎరుగనిదని అనుకోకూడదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తాడు లాగితే నాడె దానంతట అది పరుగెత్తే మగ్గం మన జిల్లాల్లో వ్యాపించింది. నేతగాళ్లు కాదనలేదు, పెట్టుకున్నారు. చీరాలలో నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, ముడులు కట్టి రంగులద్ది తేలియా రుమాళ్లు నేసేవారు. అవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి. ఆ ముడుల విద్య నల్లగొండ వైపు పుట్టపాకకూ పోచంపల్లికీ చేరి, రుమాలు నుంచి చీరలోకి మారింది. 1951లో వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికిన పోచంపల్లి ఇదే. మగ్గం అదే అయినా బట్ట ఎన్నో మార్లు మారింది.

దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి రకం చీరకు ముడులు కట్టే ముందు పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ తిప్పాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఇది ఇంటి ఆడవాళ్ల పని. ఒక చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రోజూ అలా చేసి తల్లి లక్ష్మిగారి భుజం, మోచెయ్యి పడుతున్న బాధ చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆయన 1992 ప్రాంతం నుంచి ఏడేళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఇప్పుడు అదే పని గంటన్నరలో అవుతుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా కూడా వచ్చింది. కొందరు శుద్ధవాదులు, యంత్రం వస్తే చేనేత ఎలా అవుతుందని ప్రశ్నిస్తారు. వారిని ఒక్క నెల రోజులు ఆసు పోయమంటే సరిపోతుంది. చేతిపనిలో గౌరవించదగింది చేతి నేర్పు, భుజం నొప్పి కాదు.

స్వాతంత్ర్యం తరవాతి కథ మనకు దగ్గరిది, కాగితాల రూపంలో మనలో కొందరి బల్లల మీదకు వచ్చినది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు, హస్తకళల బోర్డు ఏర్పడ్డాయి. హస్తకళల బోర్డు వెనక కమలాదేవి చట్టోపాధ్యాయగారు ఉన్నారు. శ్రీకాళహస్తిలో వ్రాతపని చేసేవారు వేళ్ల మీద లెక్కించేంత మంది మిగిలిన దశలో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించింది ఆవిడ చొరవే. ఆ కేంద్రంలో నేర్చుకున్నవారిలో ఒకరైన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 1953లో మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి, ఆ డబ్బు ఖాదీకీ చేనేతకూ ఖర్చుపెట్టే చట్టం చేశారు. చేనేత బట్ట మీద రిబేటు మొదలైంది అలాగే. కోస్తాలో ప్రగడ కోటయ్యగారి వంటి నాయకులు నేతగాళ్లను సంఘాలుగా కూడగట్టారు. సహకార సంఘం నూలు ఇస్తుంది, మజూరీ ఇస్తుంది, బట్ట తీసుకుంటుంది. అప్పటిదాకా షావుకారు చేతిలో ఉన్న నేతగాడికి అది పెద్ద మార్పు. 1976లో ఆప్కో ఏర్పడింది.

ఆప్కో అనగానే మన ఇళ్లలో ఆడవాళ్లకు గుర్తొచ్చేది ఉద్యోగులకు అప్పు మీద ఇచ్చిన చీరలు, దుప్పట్లు. వాయిదాలు జీతంలో కోత. జీతాల బిల్లుతో పాటు ఆ రికవరీ జాబితా తయారుచేసిన గుమస్తాల్లో నేనూ ఒకడిని. పండగ ముందు బట్టకు సంతోషించి, పండగ తరవాత కోత చూసి నా మీద చిరాకు పడ్డ సహోద్యోగులు ఈ సంచిక చదువుతూ ఉంటారు, వారికి నా నమస్కారాలు. అప్పుడు మాకు తెలియకుండానే మేము చేసిన పని ఒకటుంది. వేల మంది ఉద్యోగుల జీతాల్లోంచి నెలనెలా కొంత సొమ్ము ఖచ్చితంగా మగ్గాల వైపు వెళ్లింది. ఏ ఉపన్యాసమూ చేయని మేలు ఆ కోత చేసింది.

కాగితాలకు రెండో వైపు కూడా చెప్పాలి. పండగ రోజుల్లో సంఘాలు రిబేటు ఇచ్చి బట్ట అమ్మేవి, ఆ సొమ్ము ప్రభుత్వం తరవాత సంఘానికి చెల్లించాలి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అటువంటి క్లెయిములు ఒక అభ్యంతరానికి ఒకసారి, ఇంకో అభ్యంతరానికి ఇంకోసారి తిరిగిపోతూ ఆర్థిక సంవత్సరాలు దాటేవి. ఈలోగా సంఘం దగ్గర నూలు కొనడానికి డబ్బు ఉండదు, మగ్గం ఆగుతుంది, నేతగాడు మళ్లీ షావుకారు గడప తొక్కుతాడు. కొన్ని సంఘాల్లో మగ్గాలు లేని సభ్యులు, నెయ్యని బట్టల లెక్కలు ఉన్నమాట కూడా నిజమే. కాని దొంగ సంఘాన్ని పట్టుకునే నిబంధనే మంచి సంఘాన్నీ ఉరితీసింది.

జనతా వస్త్రాల పథకం 1976లో కేంద్రం తెచ్చింది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం పేదలకు సగం ధరకు చీరలు, ధోవతులు ఇచ్చింది. పేదవాడి ఒంటికి బట్ట దొరికింది, మగ్గానికి పని దొరికింది, దాన్ని కాదనను. కాని అది ముతక బట్ట. మజూరీ తక్కువ. నేర్పున్న చేతులు ఏళ్ల తరబడి ముతక నూలుకు అలవాటు పడ్డాయి. 1990లలో ఆ పథకం ఆగిపోయేసరికి వెనకటి సన్నపనికి తిరిగి వెళ్లలేనివాళ్లు చాలామంది మిగిలారు.

1985లో రెండు పనులు ఒకేసారి జరిగాయి. కొన్ని రకాల బట్టలు చేనేతలోనే తయారు కావాలని 22 రకాలకు రిజర్వేషన్ ఇస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది వచ్చిన జౌళి విధానం మాత్రం ఉపాధి కన్నా ఉత్పత్తి ముఖ్యమన్నది. మిల్లులవారూ పవర్‌లూములవారూ కోర్టుకు వెళ్లడంతో చట్టం అమలు ఆగింది. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందన్నది. 1996లో 22 రకాలు 11 అయ్యాయి. ఈ మధ్యకాలంలో, 1991లో, నూలు ఎగుమతులు పెరిగి చిలపల నూలు ధర మండిపోయింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల నేత ఊళ్లలో పని లేక ఆకలిచావులు సంభవించాయి. గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చింది. మూడు శతాబ్దాల కింద ప్రపంచానికి బట్ట కట్టబెట్టిన తీరంలో జరిగింది ఇది. నేను ఉద్యోగ జీవితంలో మరచిపోని ఏడాది అది.

ఇప్పటి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. దేశం మొత్తం మీద చేనేత, అనుబంధ పనివారు 2009-10 గణనలో 43.31 లక్షలు ఉంటే 2019-20 గణనలో 35.22 లక్షలకు దిగారు. వీరిలో ఎక్కువమంది ఆడవాళ్లే. 2015 నుంచి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 2020లో అదే ఆగస్టుకు కొద్దిరోజుల ముందు అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు, వెంటనే హస్తకళల బోర్డునూ రద్దు చేశారు. పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల వంటి పేర్లకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా బజారులో అవే పేర్లతో పవర్‌లూము నకళ్లు, పెడన పేరుతో స్క్రీన్ అచ్చు గుడ్డలు గుట్టలుగా అమ్ముతున్నారు. 2017లో తెలంగాణలో పంచడం మొదలుపెట్టిన బతుకమ్మ చీరలను చేనేత చీరలనుకున్నవారు మనలోనూ ఉన్నారు. అవి ప్రధానంగా సిరిసిల్ల పవర్‌లూముల మీద నేసినవి. సిరిసిల్ల కార్మికులూ కష్టజీవులే, వాళ్లకు పని దొరకడం మంచిదే. కాని ఆ పద్దు వేరు, మగ్గం పద్దు వేరు. రెండూ ఒకే పద్దులో రాస్తే ఆడిట్ వారు ఊరుకుంటారా?

పెన్షనర్లం కనుక మనకు అర్థమయ్యే లెక్క ఒకటి చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ వయసు 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. అదే ప్రభుత్వాలు సామాజిక పెన్షన్ల కింద చేనేత కార్మికుడికి 50 ఏళ్లకే పెన్షన్ అర్హత పెట్టాయి. ఇతరులకు వృద్ధాప్యమని ఒప్పుకునే వయసు కంటే ఎంతో ముందుగా అన్నమాట. దీన్ని ఔదార్యమని చదవవచ్చు, వైద్య నివేదిక అని కూడా చదవవచ్చు. గుంటలో కాళ్లు వేలాడేసుకుని, ఒంగి, సన్న పోగును చూస్తూ పాతికేళ్లు కూర్చున్న మనిషికి యాభై నాటికి చూపు, నడుము, మోకాళ్లు ఏ స్థితిలో ఉంటాయో ప్రభుత్వం ముద్ర వేసి ఒప్పుకున్నట్టే కదా. మనకు మాత్రం ఆ వయసులో ప్రమోషన్ పానెల్ గురించి బెంగ.

ఆ మనిషి కొడుకు మగ్గం ఎక్కడం లేదని అందరూ విచారపడతారు. ఎందుకెక్కాలి? మన పిల్లలను మనం మన కుర్చీలో కూర్చోబెట్టామా? ఎక్కాలంటే మజూరీ గిట్టాలి, అంతే. ఒక చీరకు రోజులు ఎన్ని పట్టాయో అడిగి, ఆ రోజులకు మన ఇంటికి వచ్చే తాపీమేస్త్రీ కూలితో గుణించి చూడండి. చేనేత ఖరీదు ఎక్కువ అనేవారు ఈ గుణకారం ఒక్కసారైనా చేసి ఉండరు.

అసలు చేనేతో కాదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన గుర్తులు రెండు మూడు. చేనేత గుర్తింపు ముద్ర 2006 నుంచి ఉంది, అది అడగండి. అంచు పొడవునా సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, నేసేటప్పుడు వెడల్పు బిగువుగా నిలపడానికి పెట్టే బద్ద చివరి ముళ్లవి. బట్ట వెనక వైపు తిప్పి చూడండి, పోచంపల్లి రకంలో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు గుడ్డలో వెలిసినట్టుంటుంది. అద్దకంలో ఒక పువ్వుకీ పక్క పువ్వుకీ వెంట్రుకవాసి తేడా లేకపోతే అనుమానించండి.

చివరగా మన సంఘానికి సంబంధించిన విషయం. 75 ఏళ్లు నిండిన సభ్యులకు ప్రతి ఏటా వార్షిక సమావేశంలో శాలువా కప్పుతున్నాం. ఆ శాలువాలు ఎక్కడివో మీరు గమనించారో లేదో. మెరుపుల కృత్రిమ దారం, ఉతికితే కుంగేది, కప్పుకుంటే చెమట పట్టేది, ఇంటికి వెళ్లాక బీరువాలో పడేది. నా బీరువాలో అటువంటివి నాలుగున్నాయి. వాటి బదులు మంగళగిరి కండువా గానీ, పొందూరు పంచె గానీ, కనీసం మగ్గం మీద నేసిన తువ్వాలు గానీ నేరుగా నేత సంఘం నుంచి తెప్పించి ఇద్దామని కార్యవర్గానికి లిఖితపూర్వకంగా ప్రతిపాదన ఇచ్చాను. తువ్వాలు కప్పితే సన్మానంలా ఉండదని ఒకరు, ఖర్చు పెరుగుతుందని కోశాధికారిగారు అన్నారు. ఈసారి సన్మానం జాబితాలో పదకొండు మంది ఉన్నారు. పదకొండు కండువాల ధర, పదకొండు శాలువాల ధర పక్కపక్కనే రాసి పట్టిక ఇచ్చాను. తేడా ఒక్కో సభ్యుడికి ఒక పూట కాఫీ టిఫిను ఖర్చంత వచ్చింది. ప్రతిపాదన ప్రస్తుతం కార్యవర్గం పరిశీలనలో ఉన్నది. వచ్చే సమావేశానికి తప్పకుండా హాజరై ఓటు వేయవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.